సెల్‌ఫోనులో వచ్చిన ఉత్తర్వుకు సంతకం ఎవరిది?

(శాఖా కార్యదర్శుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ శిబిరాలలో వేతనాలు, కరువు భత్యం, పెన్షను, ఖాళీల భర్తీ గూర్చి మాట్లాడుకొనుట మనకు ఆనవాయితీ. ఈ దినం మాకు అప్పగించిన విషయం వేరు. ప్రతి ఉద్యోగి చొక్కా జేబులో ఉన్న స్మార్ట్‌ఫోను, అందులోని సందేశాల యాప్‌లు, చిల్లర పనులకు వాడుకొనే ఇతర యాప్‌లు, వీటిని గూర్చి చెప్పవలసి ఉన్నది. ఇది కుర్రవాళ్ళ సరదా వ్యవహారమనీ, యూనియన్ ఎజెండాలోకి రావలసినది కాదనీ కొందరు పెద్దలు తలచవచ్చును. గత కొన్ని సంవత్సరాలుగా మా వద్దకు వచ్చుచున్న ఛార్జిషీట్లను, సంజాయిషీ నోటీసులను చదివినవారెవరూ ఆ మాట అనలేరు. రైల్వేలో ఎస్.ఎఫ్.-11 గాని, తపాలాలో రూల్ 16 గాని, చాలావాటిలో ఇప్పుడొక కొత్త వాక్యం కనబడుచున్నది: “గ్రూపులో తెలియజేసినప్పటికిని పాటించలేదు.”

ఈ “గ్రూపులో తెలియజేయుట” అనునది ఏమిటి? అది ఉత్తర్వా, కబురా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే మా ప్రసంగం తిరుగుతుంది.

మన రెండు శాఖలూ నూరేళ్ళకు పైగా ఒకే పునాది మీద నిలిచినవి. నోటి మాటను నమ్మరాదు, వ్రాతను నమ్మవలెను అనునదే ఆ పునాది. ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్ మాస్టరుతో ఫోనులో మాట్లాడి హామీ ఇచ్చినప్పుడు, ఆ మాటకు తోడుగా ప్రైవేట్ నంబరు ఇచ్చి పుచ్చుకొనవలెను; ఇద్దరూ తమ తమ పుస్తకాలలో దానిని వ్రాసికొనవలెను. గొంతు గుర్తుపట్టినాను గదా, స్నేహితుడే గదా అనుటకు వీలు లేదు. బండి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చినదీ, పోయినదీ రిజిస్టరులో ఎక్కవలెను. వేగ నియంత్రణ ఉన్నచోట డ్రైవరు చేతికి కాషన్ ఆర్డరు ఇచ్చి సంతకం తీసుకొనవలెను. తపాలా కార్యాలయంలో ఆర్డర్ బుక్కు, ఎర్రర్ బుక్కు ఉన్నవి. రిజిస్టరు ఉత్తరం ఒక చేతి నుండి మరొక చేతికి మారినప్పుడెల్లా ఒక సంతకం ఉండెడిది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసినారు గాని, చేతులు మారినప్పుడు గుర్తు ఉండవలెనను సూత్రం మారలేదు.

ఇక్కడ కూర్చున్న రన్నింగ్ సిబ్బందిలో పెద్దవారికి కాల్ బాయ్ జ్ఞాపకం ఉండే ఉంటాడు. అర్ధరాత్రి సైకిలు మీద లాంతరు పట్టుకొని క్వార్టర్స్‌కు వచ్చి తలుపు తట్టేవాడు. అతని చేతిలో కాల్ బుక్కు. డ్రైవరు నిద్రకళ్ళతోనే లేచి, వేళ వేసి, సంతకం చేసేవాడు. ఆ సంతకంలో ఇద్దరికీ రక్షణ ఉండెడిది. పిలువలేదని ఉద్యోగి అబద్ధమాడలేడు. పిలిచినామని పరిపాలనా వర్గం అబద్ధమాడలేదు. ఆ సైకిలు, ఆ లాంతరు పోయినవని మేము విలపించుట లేదు. చలికాలంలో ఆ కుర్రవాడు పడిన పాట్లు మేము ఎరుగుదుము. పోయినది ఆ సంతకం. దానికి బదులు ఏమి వచ్చినదో చూడవలెను.

వాట్సాప్ 2009లో అమెరికాలో పుట్టినది. 2014లో దానిని ఫేస్‌బుక్ సంస్థ కొనుటకు 1,900 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరినది. 2021లో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే మన దేశంలో దాని వినియోగదారులు 53 కోట్లు. ఉచితంగా కబురు పోవుచున్నది, ఫోటో పోవుచున్నది, ఖర్గపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు శ్రీకాకుళంలోని మేనమామతో ముఖం చూచుకొంటూ మాట్లాడుచున్నాడు. దీనిని కాదనువాడు లేడు. కాని ఈ యాప్‌ను తయారుచేసినది కుటుంబాలూ స్నేహితులూ మాట్లాడుకొనుటకు. ఏ సర్కులరూ లేకుండ, ఏ ఒప్పందమూ లేకుండ, సబ్ డివిజన్ స్థాయి అధికారి మొదలుకొని సెక్షన్ ఇంజనీరు వరకు తలా ఒక గ్రూపు పెట్టి, దానిని ఆర్డర్ బుక్కుగా మార్చివేసినారు.

ఆ ఆర్డర్ బుక్కు లక్షణాలు ఎటువంటివి? 2017 నుండి ఈ యాప్‌లో పంపినవాడే తన సందేశాన్ని అందరి ఫోనుల నుండి తొలగించే సౌకర్యం ఉన్నది. 2022లో ఆ గడువును దాదాపు రెండున్నర దినాలకు పెంచినారు. అదే సంవత్సరం నుండి గ్రూపు అడ్మిన్‌కు ఇతరుల సందేశాలను తొలగించే అధికారం కూడా వచ్చినది. 2023 నుండి పంపిన పదిహేను నిమిషాల లోపు మాటలను దిద్దవచ్చును. కొన్ని దినాల తరువాత సందేశాలు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు 2020లోనే వచ్చినది. స్నేహితుల మధ్య ఇవి సౌకర్యాలే. ఉత్తర్వు ఇచ్చిన అధికారే ఆ ఉత్తర్వును ఉద్యోగి ఫోనులో నుండి సయితం చెరిపివేయగల రిజిస్టరును మన శాఖల చరిత్రలో ఎవరైనా విన్నారా?

ఇది ఊహ కాదు. ఒక సబ్ డివిజన్‌లో ఒక బ్రాంచి పోస్టుమాస్టరు అమ్మగారికి రాత్రి 9 గంటల 40 నిమిషాలకు గ్రూపులో ఆదేశం వచ్చినది. మరునాడు ఉదయమే పొరుగు పల్లెకు పోయి కొత్త ఖాతాలు తెరిపించవలెను, కౌంటరు సంగతి తరువాత చూచుకొనవచ్చును అని దాని సారాంశం. ఆమె పోయినది. అదే ఉదయం తనిఖీకి వచ్చినవారు కౌంటరు వేళలో కార్యాలయం తాళం వేసి ఉన్నదని వ్రాసినారు. పుట్ ఆఫ్ డ్యూటీ మాట కూడ వినవచ్చినది. ఆమె ఫోను తెరిచి చూపబోతే ఆ చోట “ఈ సందేశం తొలగించబడినది” అను ఒక్క పంక్తి మిగిలి ఉన్నది. అదృష్టవశాత్తు మరొక గ్రామీణ డాక్ సేవక్ ఆ రాత్రే ఆ సందేశానికి స్క్రీన్‌షాట్ తీసి ఉంచినాడు గనుక ఆమె బయటపడినది. ఒక అమ్మాయి కొలువు మరొకరి ముందుచూపు మీద ఆధారపడవచ్చునా?

మరొకటి రైల్వేలోనిది. ఒక గేట్‌మ్యాన్ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయి నిద్రించుచున్నాడు. రోస్టరు మార్పు గ్రూపులో పెట్టినారు. స్టేషనులోని పలక మీద మార్పు లేదు. సాయంకాలం రాలేదని ఎస్.ఎఫ్.-11 ఇచ్చినారు. “సందేశం చదివినట్లు రెండు నీలి టిక్కులు పడినవి గదా” అని వాదన. ఆ ఫోనులో అప్పుడు బొమ్మలాట ఆడుకొనుచున్నది అతని ఏడేళ్ళ కొడుకు. టిక్కు పడినదంటే ఫోను తెరుచుకొన్నదని మాత్రమే అర్థం. తెరిచిన చేయి ఎవరిదో అది చెప్పదు. వాదించి ఆ శిక్షను తప్పించినాము గాని, ప్రతి డివిజన్‌లోను ఇట్లే వాదించుచు కూర్చొనుట సాధ్యం కాదు.

కనుక చట్టం ఏమి చెప్పుచున్నదో ప్రతి శాఖా కార్యదర్శికి నోటికి వచ్చి ఉండవలెను. తపాలా ఉద్యోగులకు వర్తించే 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోను, 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళిలోను మూడవ నియమం ఒకసారి తీసి చదవండి. పై అధికారి ఆదేశం సాధారణంగా వ్రాతపూర్వకంగా ఉండవలెను. మౌఖిక ఆదేశాలను సాధ్యమైనంతవరకు మానవలెను. తప్పనిసరియై నోటితో చెప్పినచో వెంటనే వ్రాతలో ధ్రువపరచవలెను. అందుకొన్న ఉద్యోగి వీలైనంత త్వరగా ధ్రువీకరణ కోరవలెను. కోరినప్పుడు ధ్రువపరచుట అధికారి విధి. అది అధికారి దయాదాక్షిణ్యం కాదు, నియమం అతని మీద మోపిన బాధ్యత. గ్రామీణ డాక్ సేవకులకు 2020 నాటి వేరు నియమాలు ఉన్నవి. అయినను వారికి ఆదేశమిచ్చే ఇన్‌స్పెక్టరు 1964 నియమావళికి లోబడినవాడే గనుక, వ్రాయవలసిన బాధ్యత అతనిని వదలదు.

ఇక్కడ ఒక మిత్రుడు లేచి, సందేశం కూడ అక్షరాలలోనే ఉన్నది గదా, అదే వ్రాత కాదా అని అడుగవచ్చును. మంచి ప్రశ్న. ఎలక్ట్రానిక్ రికార్డుకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం గుర్తింపు నిచ్చినది. మనం దానిని కాదనుట లేదు. ఈ-ఆఫీసులో వచ్చిన ఉత్తర్వుకు నంబరు ఉంటుంది, ఫైలు ఉంటుంది, ఎవరు ఎప్పుడు సంతకం చేసినారో ఉంటుంది. దానిని మేము పూర్తిగా స్వాగతించుచున్నాము. ప్రభుత్వోద్యోగుల వాడుకకని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు ‘సందేశ్’ అను యాప్‌ను కూడ తయారుచేసినది. మన అభ్యంతరం తెర మీద కనబడే అక్షరాలకు కాదు. కార్యాలయంలో ప్రతి లేకుండ, నంబరు లేకుండ, పంపినవాడు చెరిపివేయగలిగిన దానిని ఉత్తర్వు అని పిలుచుటకే మన అభ్యంతరం.

ఆచరణలో చేయవలసిన పని చాల చిన్నది. గ్రూపులో ఆదేశం రాగానే తగాదా పడవద్దు, వ్యంగ్యంగా మాట్లాడవద్దు. అధికారికి విడిగా ఇట్లు వ్రాయవలెను: “ఈ రోజు రాత్రి 9 గంటల 40 నిమిషాలకు మీరు గ్రూపులో ఉంచిన ఆదేశం చూచినాను. దయచేసి దీనిని వ్రాతపూర్వకంగా ధ్రువీకరించగోరుచున్నాను.” మరునాడు కార్యాలయంలోని పుస్తకంలో గాని, చేతి డైరీలో గాని అదే విషయం తేదీ వేసి వ్రాయవలెను. స్క్రీన్‌షాట్ తీసినప్పుడు పంపినవారి పేరు, తేదీ, వేళ కనబడునట్లు చూడవలెను. మొత్తం సంభాషణను తేదీలతో సహా భద్రపరచే ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ అను సౌకర్యం ఆ యాప్‌లోనే ఉన్నది. ఫోను మార్చినప్పుడు పాతదానిని తొందరపడి పారవేయవద్దు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో ఉంచుటకు ధ్రువపత్రం జత చేయవలెను. శాఖాపరమైన విచారణలో సాక్ష్యచట్టం అంత ఖచ్చితంగా వర్తించదు గాని, వ్యవహారం ట్రిబ్యునలు గుమ్మం ఎక్కినప్పుడు పరికరం చేతిలో ఉండుట మేలు.

ఇక పనిగంటల సంగతి. 1989 నాటి రైల్వే చట్టం 132వ సెక్షను ‘కంటిన్యుయస్’ వర్గంలోని ఉద్యోగికి రెండు వారాల సగటున వారానికి 54 గంటలు, ‘ఇంటెన్సివ్’ వర్గానికి 45 గంటలు మించరాదని పరిమితి విధించినది. తక్కువగానో ఎక్కువగానో ఒక హద్దు ఉన్నది. దాని వెనుక ఎందరో పోరాడిన చరిత్ర ఉన్నది. గ్రామీణ డాక్ సేవకులకు 2018 నుండి నాలుగు గంటలు, అయిదు గంటలు అను రెండు తరగతులుగా భత్యం లెక్కిస్తున్నారు. నాలుగు గంటలకు భత్యమిచ్చి, తెల్లవారుజామున అయిదింటికి లక్ష్యాల పట్టిక పెట్టి, రాత్రి పదింటికి “నేటి ప్రగతి తెలుపుడు” అని అడిగినచో, ఆ మనిషి ఎన్ని గంటలు పనిలో ఉన్నట్లు? ఆ లెక్క ఏ మస్టరులో ఎక్కుచున్నది? లోకో పైలట్ బండి నడుపునప్పుడు సొంత ఫోను ముట్టరాదని ఆజ్ఞ. అది సబబే, భద్రత దృష్ట్యా మేము దానిని బలపరచుచున్నాము. కాని బండి దిగగానే, సాయంత్రం పెట్టిన సందేశానికి జవాబు ఏదని అడుగుట సబబు కాదు. రన్నింగ్ రూములో నిద్రించవలసిన మనిషి కునుకు మధ్యలో ఫోను మోగుచున్నది. ఆ నిద్ర అతని ఒక్కడిది కాదు, వెనుక పెట్టెలలో పడుకొన్న ప్రయాణికులది కూడ.

పని ముగిసిన తరువాత సందేశాలకు బదులీయకుండు హక్కును ఫ్రాన్సు దేశం 2017 జనవరి 1 నుండి చట్టంలో చేర్చినది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుండి అమలులోకి వచ్చినది. మన పార్లమెంటులో 2018లో సుప్రియా సూలే ప్రైవేటు బిల్లుగా ప్రతిపాదించినారు; 2025లో మరల తెచ్చినారు. ప్రైవేటు బిల్లులు చట్టాలగుట ఎంత అరుదో మీకు తెలియనిది కాదు. అంతవరకు వేచి యుండక పి.ఎన్.ఎం.లోను, జె.సి.ఎం.లోను ఒప్పందం ద్వారా సాధించుకొనుటకు మనకు దారి ఉన్నది.

ఇంకొక సంగతి. ఈ ఫోను ఎవరిది? కొన్నది ఉద్యోగి. నెల నెలా రీఛార్జి చేయించుచున్నది ఉద్యోగి. పగిలినచో అద్దం వేయించుకొనేది ఉద్యోగి. బ్రాంచి పోస్టాఫీసులకు 2017 డిసెంబరులో ప్రారంభమైన ‘దర్పణ్’ పథకం క్రింద చేతి యంత్రాలను శాఖయే ఇచ్చినది. పద్ధతి అట్లే ఉండవలెను. పనిముట్టు యజమాని ఇవ్వవలెను. ట్రాక్‌మ్యాన్ తన సుత్తిని తాను కొనుక్కొని రావలెనని ఎవరూ అనరు గదా. సొంత ఫోనులో శాఖ పని చేయించినచో, ఫోను చెడిన దినం ఆ జరిమానా కూడ మనదే అగును.

చిల్లర యాప్‌ల గూర్చి రెండు మాటలు. టార్చి వెలుగు కొరకు ఒక యాప్, కాగితం ఫోటో తీసి పి.డి.ఎఫ్. చేయుటకు ఒకటి, ఫైలు పంపుకొనుటకు ఒకటి, ఫోను శుభ్రపరచునని చెప్పుకొనేది ఇంకొకటి. ఇవన్నీ ఉచితమే. అమెరికాలో కోట్లాది మంది వాడిన ఒక టార్చి యాప్ యజమానిపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013 డిసెంబరులో అభియోగం మోపినది: దీపం వెలిగించే ఆ యాప్, మనిషి ఎక్కడ ఉన్నదీ ప్రకటనల సంస్థలకు చేరవేయుచున్నదని. మన గ్యాంగ్‌మన్ చేతిలోని మూడు రంగుల టార్చి ఏనాడూ అతడు ఎక్కడ నడుచుచున్నాడని ఎవరికీ చెప్పలేదు. కామ్‌స్కానర్ అను చైనా యాప్‌తో మన కార్యాలయాలలో ఎన్ని సర్వీసు పుస్తకాలు, ఎన్ని ఆధార్ కార్డులు, ఎన్ని పెన్షను కాగితాలు ఫోటో తీసినారో లెక్క లేదు. దాని ఆండ్రాయిడ్ ప్రతిలో హానికరమైన భాగమున్నదని కాస్పర్‌స్కీ సంస్థ 2019 ఆగస్టులో వెల్లడించినది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అది ఒకటి, షేర్‌ఇట్ మరొకటి. నిషేధం ఒక్క రాత్రిలో వచ్చినది. అంతవరకు అందులో ఎక్కిన కాగితాలకు జవాబుదారీ ఎవరు? “ఇదిగో ఈ యాప్‌తో పంపు” అని నోటితో చెప్పినవారు ఆ మాట వ్రాసి ఇచ్చి ఉండలేదు. యాప్‌ను పెట్టుకొనునప్పుడు అది అడిగే అనుమతులను చదవండి. దీపానికి మన ఫోను నంబర్ల జాబితా అవసరం లేదు. కాలిక్యులేటరుకు మైకు అవసరం లేదు.

మోసగాండ్రు పంపే ‘ఏ.పి.కే.’ ఫైళ్ళను గూర్చి మన సభ్యుల కుటుంబాలను ప్రత్యేకంగా హెచ్చరించవలెను. పెళ్ళిపత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టి సందేశంలో పంపుచున్నారు. దానిని తెరచి ఫోనులోకి ఎక్కించినచో బ్యాంకు ఖాతా ఖాళీ అగుచున్నది. “మీ పార్సిలు నిలిచిపోయినది, చిరునామా సరిచేయుడు” అని తపాలా శాఖ పేరుతో దొంగ సందేశాలు తిరుగుచున్నవి. అవి బూటకమని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయమే ప్రకటించినది. గడపలో నిలబడిన పోస్టుమ్యాన్ మీద మాత్రం ప్రజలు విరుచుకు పడుచున్నారు. సొమ్ము పోయినచో తక్షణం 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన ప్రతి నిమిషమూ నష్టమే.

మన సొంత యూనియన్ గ్రూపుల విషయం కూడ దాచకుండ చెప్పుకొందము. ఈ యాప్‌లో ఉత్తరం లోపలి విషయం 2016 నుండి సీలు వేసినట్లే ఉన్నది; పంపినవాడు, అందుకొన్నవాడు తప్ప మధ్యవారు చదువలేరు. కాని సార్టింగ్‌లో పనిచేసిన మిత్రులకు తెలియును, కవరు చింపకుండానే కవరు మీద ఎంత చదువవచ్చునో. ఎవరు ఎవరికి, ఎంత తరచుగా, ఏ వేళ వ్రాయుచున్నారు అనునది సంస్థకు తెలియుచునే ఉన్నది. పైగా మూడు వందల మంది ఉన్న గ్రూపులో రహస్యమనునది ఉండదు. అందులోని ఏ ఒక్కరైనను స్క్రీన్‌షాట్ తీసి పై అధికారికి పంపవచ్చును. శాఖాపరమైన కాగితాలను అందులో ఉంచినచో ప్రవర్తనా నియమావళి మన మెడకే చుట్టుకొనును. సభ్యుడొకడు పెట్టిన అభ్యంతరకరమైన మాటకు, అతనితో ఉమ్మడి ఉద్దేశం లేనంతవరకు, అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయరాదని బొంబాయి హైకోర్టు 2021లోను, ఆ తీరుగనే కేరళ హైకోర్టు 2022లోను తీర్పు చెప్పినవి. అడ్మిన్లుగా ఉన్న కార్యదర్శులకు అది కొంత ఊరట. అంతమాత్రాన గ్రూపును గాలికి వదలివేయరాదు.

గేటు మీటింగుకు రమ్మని కబురు పెట్టినచో ఇన్నూరు బొటనవ్రేళ్ళు లేచుచున్నవి, గేటు వద్దకు ఇరువది మంది వచ్చుచున్నారు. 1974 మే 8 నుండి 27 వరకు రైళ్ళు ఆపిన కార్మికుల వద్ద బొటనవ్రేలి బొమ్మ లేదు. మనిషిని మనిషి వెదకి పట్టుకొని మాట్లాడినాడు. గ్రూపులు కబురుకు వాడుడు. సభ్యత్వం, చర్చ, తీర్మానం ముఖాముఖిగానే జరగవలెను.

అడిగినచో ఏమగునని నిరాశ పడు మిత్రులకు ఒక ఉదాహరణ. ‘సంచార్ సాథీ’ యాప్‌ను ప్రతి కొత్త ఫోనులోను ముందుగానే ఎక్కించి అమ్మవలెనని టెలికాం శాఖ 2025 నవంబరు చివర ఉత్తర్వు ఇచ్చినది. దేశమంతట అభ్యంతరాలు వచ్చినవి. డిసెంబరు 3న దానిని ఉపసంహరించుకొన్నారు. ఆ యాప్ మంచిదా చెడ్డదా అనునది వేరు చర్చ. పోయిన ఫోనును నిలుపుదల చేయించుటకు అది ఉపయోగపడుచున్నది కూడ. తప్పనిసరి అన్నది ఒక వారంలోగా తప్పనిసరి కాకపోయినది.

సమాఖ్య తయారుచేయుచున్న వినతిపత్రంలో మేము చేర్చదలచినవి ఇవి: గ్రూపులో పెట్టిన సందేశం ఆధారంగా మాత్రమే ఏ ఉద్యోగిపైనను క్రమశిక్షణా చర్య తీసుకొనరాదు, విశ్రాంతి వేళలో, సెలవు దినాలలో ప్రమాదం వంటి అత్యవసరం తప్ప ఆదేశాలు పంపరాదు, పంపినచో ఆ కాలం డ్యూటీగా లెక్కించవలెను, శాఖ పనికి కావలసిన ఫోను, డేటా శాఖయే సమకూర్చవలెను, ట్రాక్ సిబ్బందికి, గ్రామీణ సేవకులకు ఇచ్చు ఆదేశం వారు చదువగలిగిన భాషలో, ఆ భాష లిపిలో ఉండవలెను. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి పంపిన ఒక భద్రతా ఆదేశాన్ని ఇటీవల మేము మూడుసార్లు చదివినను అర్థం కాలేదు.

ఈ పత్రానికి బలం మీరు పంపే ఆధారాలతోనే వచ్చును. మీ శాఖ పరిధిలో డ్యూటీ వేళ దాటిన తరువాత వచ్చిన ఆదేశాలు, తొలగింపబడిన ఆదేశాలు, వాటిపై ఇచ్చిన సంజాయిషీ నోటీసులు సేకరించండి. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు కనబడకుండ నలుపు చేసి, తేదీ, వేళ మాత్రం మిగుల్చండి. వచ్చే పి.ఎన్.ఎం. ఎజెండా గడువుకు పదిహేను దినాల ముందుగా అవి సమాఖ్య కార్యాలయానికి అందవలెను. గ్రూపులో పెట్టవద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దగ్గర ఉంచుకొనుడు.